కిటికీల్లేని కంప్యూటరు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. మనిషి చెప్తే ఎవడూ వినడు, అదే మాట కంప్యూటర్ చెప్తే అందరూ నోరు మూసుకొని వింటరు అని. ఇప్పుడు ఆలోచిస్తే ఆ నమ్మకంల పెద్ద తప్పేం లేదు గని, నమ్మినోని వయసులనే తప్పుండె. డిగ్రీ అయిపోయి కొత్తగూడెంల ఒక ట్రావెల్స్ ఆఫీసుల కొత్తగా చేరిన. పెండ్లి బస్సులు, యాత్రల బస్సులు ఏ ఊరు ముందు పోవాలె, ఏ ఊరు ఎనక పోవాలె, చాయ్ ఎక్కడ, అన్నం ఎక్కడ అని ముందే లెక్కగట్టి డ్రైవర్ చేతిల కాయితం పెట్టుడు నా పని. దానికోసం మా ఓనర్ ఒక ట్రిప్ ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ కొన్నడు. ఊర్ల పేర్లు కొడితే చాలు, వరస అదే పేర్చి, ఎన్నింటికి ఎక్కడ ఉంటమో రంగుల గీతలతోటి చూపెడ్తది. దాని ముందు కూసుంటే రాష్ట్రంల ఉన్న బండ్లన్నీ నేనే తోలుతున్నట్టు అనిపిస్తుండె. (నాకు సైకిల్ తప్ప ఏ బండీ తోలరాదన్న సంగతి వేరే.)

కొత్త జీతం, కొత్త పొగరు. ఆ పొగర్ల ఒక మ్యాక్ కంప్యూటర్ కొన్న. కొత్తది కాదు. హైదరాబాదుల ఉండే నా సోపతిగాడు ఒకడు, మేం వాణ్ని ‘సిస్టం’ అని పిలుస్తుంటిమి, వాడు తను వాడిడిసినది నాకు అమ్మిండు. వెండి రంగు, పలుచటి ఒళ్ళు, మూత మీద కొరికిన ఆపిల్ పండు. మూత తెరిస్తే ఆ పండు వెలుగుతది. బొగ్గుబాయిల పని చేసేటోళ్ళ క్వార్టర్లు మావి, ఆ లైన్ల అసుంటిది ఎవరూ చూడలే. మా అమ్మ మాత్రం నడుం మీద చెయ్యి పెట్టుకొని, "సెకండ్ హ్యాండ్ అంటే సరే అన్న గని, ఎవరో కొరికిన పండుబొమ్మది తెచ్చుకున్నవేందిరా? ఏదెను తోటల గా కొరుకుడుతోనే కదా మన బతుకులు గిట్లయినయి!" అన్నది. డ్యూటీ దిగివచ్చిన నాన్న, "దీంట్ల సినిమాలొస్తయా?" అని ఒక్క మాటడిగి స్నానానికి పోయిండు. పెద్దమ్మ ఒక్కతే, చేతులు కొంగుకు తుడుసుకొని, దాని మూత మీద వేళ్ళు ఆనించి, "సల్లగున్నది బిడ్డా" అని మెచ్చుకున్నది. ఆ ఒక్క మెచ్చుకోలుతోటి నేను వారం రోజులు బతికిన.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. పిల్లల్లేరు. పెద్దనాన్న, మా నాన్న ఒక్కటే బాయిల పనిచేసిండ్రు. పెద్దనాన్న పోయినంక ఆమె మా ఇంట్లనే ఉండిపోయింది. ఆయన్ని మాత్రం ములకలపల్లి అవతల, అడవి అంచుకున్న ఆయన సొంత ఊర్ల పెట్టిండ్రు. అది ఆయన కోరిక. "బతికినన్ని దినాలు బొగ్గు కింద బతికిన, సచ్చినంకనన్న చెట్ల కింద ఉంచుండ్రి" అంటుండెనట.

నవంబరు మొదట్ల మాకు సమాధుల పండుగ వస్తది. పోయినోళ్ళ సమాధుల మీద గడ్డి పీకి, సున్నమేసి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు ముట్టిచ్చి ప్రార్థన చేసుకునే రోజు. సొంతూర్ల ఉండేటోళ్ళకైతే ఇది గంట పని. మా బొగ్గుబాయిల మనుషులం నాలుగు దిక్కుల నుంచి వచ్చినోళ్ళం కదా, మా సమాధులు గూడ నాలుగు దిక్కులా ఉన్నయి. మా నాయనమ్మ, తాత మధిరల. మా పక్క క్వార్టరాయన ఒకప్పుడు సారపాక కాయితం మిల్లుల పనిచేసిండు, ఆయన్ని అందరం మిల్లు మామ అంటం, ఆయన భార్య సారపాకల. అందరం కలిసి ఒక్క వ్యాన్ మాట్లాడుకొని పోవుడు, ప్రతి ఏడూ వ్యాన్ కదలకముందే కొట్లాడుకునుడు. అదే లైన్ల ఉండే మా మేనత్త, "మా అమ్మానాన్నలది ముందు. పెద్దోళ్ళు కదా!" అనేది. మిల్లు మామ, "పెద్దోళ్ళయితే తొందరేందమ్మా, ఆళ్ళు యాడికి పోతరు? సారపాక దగ్గర, జల్దీ అయిపోతది" అనేటోడు. ఈ ఇద్దరి నడుమ పొద్దంత గడిచి, ములకలపల్లి దిక్కు పోవుడు ప్రతిసారి తప్పిపోయేది. పెద్దమ్మ ఎన్నడూ నోరు తెరిచి అడగలే. "నాకు మోకాళ్ళ నొప్పులు, నేను రాలేను, మీరు పోయిరాండ్రి" అనేది. అట్ల ఆయన సమాధి ఆమె చూడక ఏండ్లు గడిచిపోయినయి.

ఆ ఏడు మాత్రం నేను అందరి ముందు మూత తెరిచి, పండు వెలిగిచ్చి, ప్రకటన చేసిన. "ఈసారి కొట్లాట లేదు. కంప్యూటర్ చెప్తది, అందరం వింటం. పెద్దనాన్న ఊరు గూడ అండ్ల ఉంటది" అని. పైగా ఓనర్‌ను బతిమాలి కొత్త ఏసీ వ్యాన్ మాట్లాడిన. సల్లగా ఉంటది, రవ్వంత దుమ్ము రాదు అని లైనంత చాటిన. మర్నాటి సంది పెద్దమ్మ పెరట్ల బంతిచెట్లకు నీళ్ళు పోసుకుంట పాట పాడుడు విన్న. నన్ను పిలిచి, "సున్నం ఈడికెల్లే కొనుక్కపోదమా, ఆడ దొరుకుతదా?" అనడిగింది. మోకాళ్ళ మాట ఎత్తనే లేదు.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. పద్ధతి గల మనిషైతే మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఆఫీసు కంప్యూటర్ల నాలుగు ఊర్లు కొట్టి, కాయితం తీసుకొని ఇంటికి వస్తడు. ఐదు నిమిషాల పని. కాని ఆఫీసుల చేస్తే నా పండు ఎవరు చూస్తరు? అందుకని ఓనర్‌ను అడిగి సీడీ ఇంటికి తెచ్చిన. మ్యాక్‌ల పెట్టిన. రెండుసార్లు నొక్కిన. నాలుగుసార్లు నొక్కిన. అది నా దిక్కు జూసి, ఇదేందో నాకు తెల్వదన్నది. సీడీ డబ్బా తిప్పి చూస్తే కింద చిన్న అక్షరాలల్ల రాసున్నది, విండోస్ ఉంటేనే నడుస్తదట. మా ఇంట్ల సిగ్నల్ దొరికేది వాకిట్ల జామచెట్టు కిందనే. ఆడ నిలబడి సిస్టంగానికి ఫోన్ కొట్టిన. సిగ్నల్ తక్కువైతే గొంతు పెంచాలె కదా, ఆ లెక్కల మొత్తుకున్న.

"విండోస్ లేదురా దీనికి!"

"మ్యాక్‌కు విండోస్ ఎట్లుంటదిరా ఎడ్డోడా? అది వేరే, ఇది వేరే" అన్నడు వాడు.

"అది లేకపోతే నడవదట కదరా!"

"అవ్, నడవది."

"ఒక్క విండో గూడ లేనిదాన్ని నా మెడకు గట్టినవు కదరా! ఇప్పుడు సమాధుల కాడికి ఎట్ల పోవుడు?"

అరుగు మీద చాటల బియ్యం ఏరుతున్న పెద్దమ్మ చేతులు ఆగినయి. నా దిక్కు చూసింది. నేను ఫోన్ల మునిగి ఉన్న, చెయ్యూపి మళ్ళ మొత్తుకున్న. కొంచెంసేపైనంక ఆమె చాట తీసుకొని లోపలికి పోయింది. అప్పుడు నాకేం తోచలే.

సిస్టంగాడు ఉపాయం చెప్పిండు. మ్యాక్ లోపల ఒక ఉత్తుత్తి కంప్యూటర్ తయారుచేసి, దాంట్ల విండోస్ దించాలెనట. "ఇల్లు మ్యాక్‌ది, విండోస్ కిరాయికి దిగుతడు అనుకో" అన్నడు. ఆ కిరాయిదారు దిగుడుకు పట్టిన తిప్పలు పగోనికి వద్దు. ఇంటర్నెట్టు నత్తనడక, సగం దిగినంక కరెంటు పోవుడు, మళ్ళ మొదటికి వచ్చుడు. చివరికి దిగిండు. దిగినంక తెలిసింది, చిన్న ఇంట్ల రెండు కాపురాలు ఒక్క పొయ్యి మీద వండుకుంటే ఏమైతదో. ఇంటాయనకు ఊపిరాడదు, కిరాయాయనకు అన్నం ఉడకది. లోపల ఫ్యాను పిండి గిర్నీ లెక్క మోగుడు. అడుగు కాలిపోతుంటే మా అమ్మ, "జ్వరమొచ్చిందేమోరా దానికి" అని తడిగుడ్డ పట్టుకొచ్చింది. ఒకసారి ఆ బాణం గుర్తు కిరాయిదారు గదిలకు పోయింది, ఇగ బయటికి రాదు. నేను వేళ్ళు అరిగేదాక గీకిన. నాన్న ఎనక నిలబడి చూసి చూసి, "బాయిల కప్పు కూలి కింద ఇరుక్కున్నోణ్ని తీసుడు ఇంతకన్న అల్కగుంటదిరా" అన్నడు. (నాన్న జోకులు గట్లనే ఉంటయి. నవ్వాల్నా వద్దా తెల్వది.)

ఆఖరికి నడిచింది. ములకలపల్లి దాక దానికి తెలుసు, అవతలి పెద్దనాన్న ఊరు తెల్వది. అడవి ఉన్న కాడ పచ్చరంగు పూసి ఊకున్నది. ఆ పచ్చల నేనే ఒక చుక్క పెట్టి పెద్దనాన్న అని పేరు రాసిన. లెక్క గట్టమన్న. ఇంటాయన, కిరాయాయన ఇద్దరు కలిసి మూలిగి మూలిగి వరస చెప్పిండ్రు. ముందు పెద్దనాన్న, తర్వాత సారపాక, పొద్దు గూకేటాళ్ళకు మధిర. నేను కుర్చీల నుంచి ఎగిరి గంతేసిన. పరిగెత్తి వంటింట్లకు పోయి, "పెద్దమ్మా! మొదటగాల పెద్దనాన్న కాడికే! కంప్యూటర్ చెప్పింది!" అన్న.

పెద్దమ్మ పొయ్యి మీది గిన్నె దించి, "నేను రానులే బిడ్డా. మోకాళ్ళు లేస్తలేవు. నా పేరు మీద నువ్వే కొవ్వొత్తి ముట్టియ్యి" అన్నది. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఇన్ని తిప్పలు ఎవరికోసం పడ్డ? కిరాయిదారును దించింది ఎవరికోసం? ఎంత అడిగినా అదే మాట, మోకాళ్ళు. పెరట్ల బంతిపూలు గంపెడు పూసినయి, ఆమె పాట మాత్రం ఆగింది.

పండుగ ముందర మా ఇంట్ల కూడిక పెట్టుకున్నం. కూడిక అంటే ఇంట్ల నలుగురు కూసొని పాటలు పాడి, వాక్యం చదివి, కండ్లు మూసుకొని వరసగా ఒక్కొక్కరు పైకి ప్రార్థన చేసుడు. దాంట్ల ఒక కట్టుబాటు ఉన్నది. ఎవరు దేవునితోటి ఏం చెప్పుకున్నా, తర్వాత దాని మీద ముచ్చట పెట్టరాదు. అందుకే మనుషులకు చెప్పుకోలేనియన్నీ మా ఆడోళ్ళు అప్పుడే బయట పెడ్తరు. కోడండ్లు అత్తల మీద దేవునికి పెట్టుకునే అర్జీలన్నీ అత్తలు పక్కనే కండ్లు మూసుకొని వింటుంటరు, ఆఖరికి "ఆమేన్" అనక తప్పది. ఆ సాయంత్రం మా అత్త, మిల్లు మామ, అమ్మ, నాన్న, పెద్దమ్మ, నేను. వరస పెద్దమ్మ కాడికి వచ్చింది.

"ప్రేమగల తండ్రీ, నీకు స్తోత్రం" అని మొదలుపెట్టింది. "మా పిల్లగాడు నాకోసం బండి మాట్లాడిండు. ఆ బండికి విండోలు లేవట తండ్రీ. ఒక్కటి గూడ లేదట. చెట్టు కింద మొత్తుకుంటుంటే నా చెవులార విన్న. వాడు ఇంత కష్టపడ్డడు, వానితోటి ఏమని చెప్పుదు? కిటికీ గాలి లేకపోతే నాకు బండి పడదని నీకెరుకే. ఆనాడు వ్యాన్ల పక్కన కూసున్నామె పట్టుచీర మీద కక్కుకున్న. అందరూ ముక్కులు మూసుకున్నరు. ఎనక కూసున్నోళ్ళు నవ్విండ్రు. అప్పటి సంది మోకాళ్ళు, మోకాళ్ళు అని అబద్ధమాడుతున్న. నన్ను క్షమించు. మోకాళ్ళు మంచిగనే పెట్టినవు తండ్రీ, నీకు స్తోత్రం. ఆయన మీద గడ్డి ఎంత పెరిగిందో ఏమో. ఒక్కపాలి చూసొస్త. ఆ బండికి ఒక కిటికీ దయచెయ్యి. ఎక్కువ అడుగుతలేను. ఒక్కటి చాలు. ఆమేన్."

ఎవరూ ఆమేన్ అనలే. నేను ప్రార్థనల కండ్లు తెరిచిన, కట్టుబాటు తప్పిన. పెద్దమ్మ తలమీద కొంగు కప్పుకొని, కండ్లు మూసుకొనే ఉన్నది. విండో అంటే ఆమెకు తెల్వదా? బస్సెక్కేటోళ్ళందరికీ తెలుసు. పైగా నేను మాట్లాడిన ఏసీ వ్యాన్‌కు నిజంగనే ఒక్క కిటికీ తెరుచుకోదు! ఆమె తప్పు వినలే. నా కంప్యూటర్‌కు లేదు, నా బండికి లేదు, రెండింటికీ లేదు. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండు ఒక్కసారే. నోరు తెరిచి చెప్దామంటే కట్టుబాటు.

తర్వాతి వరస మా అత్తది. అత్త నోటికి జడిసి లైన్ల కుక్కలు గూడ పక్కకు తప్పుకుంటయి. ఆమె గొంతు సవరించుకున్నది. "తండ్రీ, ఆ పట్టుచీర ఆ రోజే ఉతికిన, మరక పోయింది, ఆ సంగతే నేను మర్చిపోయిన. ముక్కు మూసుకున్నోళ్ళల్ల నేను గూడ ఉన్న. మా వదినకు అది ఇన్నేండ్లు మనసుల ఉన్నదని నాకు తెల్వదు. నువ్వన్న ఒక మాట చెప్పకపోతివి! మా వదినకు చెప్పు తండ్రీ, కిటికీ పక్కన ఆమె, ఆమె పక్కన నేనే కూసుంటనని. అదే చీర కట్టుకొని కూసుంట." అక్కడ ఏడుపు వచ్చి ఆగిపోయింది. మిల్లు మామ ఊరుకుంటడా? "ప్రభువా, ఏసీ గాలి నాకు పడది, జలుబు చేస్తది. పాత వ్యాన్ ఇప్పిచ్చు. సారపాకామె కాడికి రెండో వరసల గాదు, ఆఖరుకు పోయినా ఏమనదు, మంచి మనిషి" అన్నడు. నా వరస వచ్చింది. నేను ప్రార్థన చేసుడు అప్పటిదాక నాలుగు ముక్కలు కంఠస్థం అప్పజెప్పుడే. ఆ రోజు మాత్రం, "తండ్రీ, రేపు పొద్దుగాల్నే ఏసీ వ్యాన్ వద్దని చెప్త. అద్దాలు జరిగే వ్యానే తెస్త" అన్న. ఈసారి అందరికన్న ముందు పెద్దమ్మే "ఆమేన్" అన్నది.

పండుగనాడు పాత వ్యాన్ ఎక్కినం. కిటికీ పక్కన పెద్దమ్మ, ఆమె పక్కన మాటిచ్చినట్టే పట్టుచీరల అత్త, ఒళ్ళ బంతిపూల గంప. నేను ముందు సీట్ల మ్యాక్ ఒళ్ళ పెట్టుకొని, ఎన్నింటికి ఎక్కడ ఉండాలెనో చదువుతున్న. కాపురాలు రెండాయె, బ్యాటరీ ఎంతసేపు ఆగుతది? పాల్వంచ దాటంగనే పండు ఆరిపోయింది. మిల్లు మామ నా భుజం తట్టి, "ఈయన్ని ఏ ఊర్ల పెడ్దాం బిడ్డా?" అన్నడు. ఎవరూ నవ్వు ఆపుకోలేకపోయిండ్రు. పెద్దమ్మ గూడ, గాలికి కొంగు పట్టుకొని, నవ్వింది.

సమాధి మీద గడ్డి నడుం ఎత్తు పెరిగింది, టేకు ఆకులు రాలి పరుపంత మందంల పడున్నయి. ఎవరినీ ముట్టనియ్యలే. తనే కూసొని, మోకాళ్ళ మీద, ఒక్కొక్క పోచ పీకింది. సున్నం పూసినంక, పూలు పరిచి, కొవ్వొత్తి ముట్టిచ్చింది. గాలికి ఆరితే మళ్ళ ముట్టిచ్చింది. తర్వాత ఆ రాయి మీద చెయ్యి ఆనిచ్చి, ఇంట్ల మనిషితోటి మాట్లాడినట్టే, "వచ్చినయ్యా" అన్నది. "కిటికీ కాడ కూసొని వచ్చిన. మన పిల్లగాడు కంప్యూటర్‌కు కిటికీలు పెట్టిచ్చి మరీ తోలుకొచ్చిండు." నా సాఫ్ట్‌వేర్ల ఆ ఊరికి ఇరవై నిమిషాలు రాసి ఉన్నది. ఏడ్చుడుకు, ముచ్చట పెట్టుడుకు దాంట్ల జాగా లేదు. మేం కదిలేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. సారపాక ఆలస్యం, మధిర ఇంకా ఆలస్యం, నా లెక్కల ఊర్ల వరస తప్ప టైం ఒక్కటి గూడ మిగల్లే. అత్త గడియారం దిక్కు ఒక్కపాలి గూడ చూడలే. మధిరల చీకటి పడినంక కొవ్వొత్తులు ఇంకా మంచిగ కనపడ్డయి అన్నది.

ఆ తర్వాత పెద్దమ్మ ఏ ఏడూ మోకాళ్ళ మాట ఎత్తలే. ఉన్నన్ని రోజులు, నేను ఏ కంప్యూటర్ ముందు కూసున్నా, "దీనికి కిటికీలున్నయా బిడ్డా?" అని మాత్రం అడిగేది, దానికేదో అంగవైకల్యం ఉన్నట్టు జాలిగా. ఇప్పుడు ఆమె గూడ ఆ టేకుచెట్ల కిందనే, ఆయన పక్కనే ఉన్నది. మొన్న ఖమ్మంల కొత్తది కొందామని పోతే, షాపుల అమ్మాయి, "విండోస్ కావాల్నా సార్, మ్యాక్ కావాల్నా?" అనడిగింది. "కిటికీ ఒక్కటి చాలమ్మా" అన్న. ఆ పిల్లకు ఏం సమజ్ కాలే, మర్యాదకు నవ్వింది.

ఇప్పుడు దారులన్నీ ఫోనే చెప్తది, సమాధుల పండుగకు ఎవరి కారు వాళ్ళకున్నది. ములకలపల్లి దాటి చెట్లు మొదలు కాంగనే నేను ఏసీ ఆపి అద్దం దించుత. దుమ్మంత లోపలికొస్తది. ఎనక కూసున్న నా బిడ్డ, "నాన్నా, ఏసీ ఉంది కదా!" అని గునుస్తది. "నాకు పడదు బిడ్డా, కడుపుల తిప్పుతది" అంట. అబద్ధమే. మోకాళ్ళ నొప్పి లెక్కనే అది గూడ, దేవునికెరుక.